సూర్యుడి దగ్గర పేలింది, భూమికి ఎప్పుడొస్తుంది? సీఎంఈ రాకను లాప్‌టాప్‌లో లెక్కగట్టడం

సూర్యుడి మీద పెద్ద పేలుడు జరిగి కోట్ల టన్నుల ప్లాస్మా అయస్కాంత క్షేత్రంతో సహా బయటికి ఎగిసిపడితే దాన్ని కరోనల్ మాస్ ఎజెక్షన్, పొట్టిగా సీఎంఈ అంటాం. అది భూమిని ఎప్పుడు తాకుతుంది, ఎంత వేగంతో తాకుతుంది, తాకాక భూ అయస్కాంత క్షేత్రం ఎంత కుంగుతుంది అనే మూడు ప్రశ్నలకు పైథాన్‌లో యాభై వరుసలు రాస్తే ఒక మోస్తరు జవాబు దొరుకుతుంది. సూపర్ కంప్యూటర్ అక్కర్లేదు. ఇక్కడ 2012 జులై 12 నాటి సీఎంఈని తీసుకుని మొదటి నుంచి చివరిదాకా లెక్క చేద్దాం. దాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. ఆ రోజు ఏఆర్ 11520 అనే క్రియాశీల ప్రాంతం దాదాపు భూమికి ఎదురుగా ఉంది. 16:49 యూటీకి (యూటీ అంటే అంతర్జాతీయ కాలమానం) ఎక్స్1.4 సౌర జ్వాల, అంటే అత్యంత తీవ్ర తరగతిది, గరిష్ఠానికి చేరింది. సూర్యుణ్ణి గమనించే రెండు స్టీరియో నౌకలు భూమికి అటూ ఇటూ సుమారు 120 డిగ్రీల దూరంలో ఉండి ఆ సీఎంఈని పక్క నుంచి చూశాయి. అంత చక్కని కొలతలున్న సంఘటనలు ఎక్కువ లేవు.

ఒక సంగతి మొదటే చెప్పాలి. ఈ పనిలో కోడ్ చాలా తేలిక. జవాబు తప్పితే నూటికి తొంభైసార్లు తప్పు కోడ్‌లో ఉండదు, మీరిచ్చిన మూడు సంఖ్యల్లో ఉంటుంది. అందుకే ఇక్కడ ఎక్కువ చోటు ఆ సంఖ్యలకే.

ఏ మోడల్ వాడాలి

పెద్ద మోడళ్లలో ఎన్‌లిల్ ముఖ్యమైనది. అమెరికా వాతావరణ సంస్థ నోవా 2011 నుంచి రోజువారీ సూచనలకు దాన్నే వాడుతోంది. యూరప్‌లో యూఫోరియా ఉంది. రెండూ ప్లాస్మా, అయస్కాంత క్షేత్రం కలిసి కదలడాన్ని వర్ణించే మాగ్నెటోహైడ్రోడైనమిక్ సమీకరణాలను మూడు దిశల్లో సాధిస్తాయి, రెండూ సూర్యుడి దగ్గర కాకుండా 21.5 సౌర వ్యాసార్ధాల దూరం నుంచి, అంటే 0.1 ఖగోళ ప్రమాణం (భూమి–సూర్యుల సగటు దూరంలో పదో వంతు) నుంచి మొదలుపెడతాయి. వీటిని ఇంట్లో నడపడం కష్టం.

మనం వాడేది డ్రాగ్ బేస్డ్ మోడల్. 20 సౌర వ్యాసార్ధాలు దాటాక సీఎంఈ మీద పనిచేసే ముఖ్యమైన బలం సౌర పవనంతో (సూర్యుడి నుంచి ఎప్పుడూ వీచే కణాల ప్రవాహంతో) రాపిడి ఒక్కటే అని అది అనుకుంటుంది. పవనం కన్నా వేగంగా పోయే సీఎంఈ నెమ్మదిస్తుంది, మెల్లగా పోయేది పుంజుకుంటుంది. త్వరణం వేగాల తేడా వర్గానికి అనులోమంగా ఉంటుంది. ఇంతే భౌతిక శాస్త్రం. ఆశ్చర్యమేమంటే, రాక సమయం విషయంలో ఈ చిన్న మోడల్ పెద్ద మోడళ్లకు ఏమంత తీసిపోదు. అన్నిటికీ సగటు పొరపాటు దాదాపు పది గంటల దగ్గరే ఉంటుంది.

పైథాన్, నంపై, సైపై, మ్యాట్‌ప్లాట్‌లిబ్ ఉంటే చాలు. చిత్రాల నుంచి మీరే కొలుచుకోవాలంటే సన్‌పై, ఆస్ట్రోపై కూడా వేసుకోండి.

మొదటి సంఖ్య: తొలి వేగం

సూర్య బింబాన్ని కప్పేసి చుట్టూ ఉన్న మసక వెలుగును చిత్రించే కెమెరా కరోనాగ్రాఫ్. సోహో నౌకలోని లాస్కో కరోనాగ్రాఫ్‌లలో సీ2 దాదాపు 6 సౌర వ్యాసార్ధాల వరకు, సీ3 3.7 నుంచి 30 వరకు చూపిస్తాయి. మనకు కావలసింది 20 దగ్గర వేగం కాబట్టి సీ3 చిత్రాలే ఆధారం. చిత్రాలు 12 నిమిషాలకొకటి వస్తాయి. సెకనుకు 1300 కి.మీ. పోయే సీఎంఈ ఆ 12 నిమిషాల్లో 1.35 సౌర వ్యాసార్ధాలు జరుగుతుంది, కనుక 4 నుంచి 20 దాకా పన్నెండు బిందువులు దొరుకుతాయి. ఒక్కో చిత్రంలో ముందు అంచు ఎత్తు కొలిచి, సమయానికి ఎదురుగా గీసి, సరళరేఖ అమర్చండి. వాలే వేగం. సీ3లో ఒక పిక్సెల్ 56 ఆర్క్‌సెకన్లు, సూర్యుడి దగ్గర అది సుమారు 40 వేల కిలోమీటర్లు. అంచు మసకగా అయిదారు పిక్సెళ్ల మేర పరచుకుని ఉంటుంది గనుక ఒకే సీఎంఈని ఇద్దరు కొలిస్తే వేగం 100 కి.మీ./సె. అటూ ఇటూ అవడం మామూలే.

అసలు గుంట ఇక్కడుంది. లాస్కో భూమి వైపు నుంచే చూస్తుంది. మన వైపే వచ్చే సీఎంఈ దానికి సూర్యుడి చుట్టూ వలయంలా కనిపిస్తుంది, అందులో మనం కొలిచేది పక్కకు వ్యాపించే వేగాన్నే తప్ప మన వైపు వచ్చే వేగాన్ని కాదు. ఈ సంఘటనకు లాస్కో జాబితాలో ఉన్న సరళరేఖ వేగం 885 కి.మీ./సె. స్టీరియో పక్క నుంచి చూసి లెక్కగట్టిన అసలు వేగం 1200–1400 మధ్య ఉంది. జాబితాలోని సంఖ్యను నేరుగా మోడల్‌లో పెట్టేయడం కొత్తవాళ్లు అందరికన్నా ఎక్కువగా చేసే పొరపాటు. వీలైతే రెండు కోణాల చిత్రాల మీద ఒకే త్రిమితీయ ఆకారాన్ని సరిపెట్టే జీసీఎస్ పద్ధతి వాడండి. లేదంటే నాసా వారి అంతరిక్ష వాతావరణ మోడళ్ల కేంద్రం సీసీఎంసీ నడిపే డాంకీ జాబితాలో కోన్ ఆకారానికి అమర్చిన వేగం, దిశ, సగం కోణం (కోన్ వెడల్పులో సగం) ఉంటాయి, అవి తీసుకోండి. స్టీరియో-బీతో 2014 అక్టోబరులో సంబంధాలు తెగిపోయాయి. స్టీరియో-ఏ 2023 ఆగస్టులో భూమిని దాటి ముందుకు పోయింది. అందువల్ల ఇటీవలి సంఘటనల్లో 2012 నాటి పక్కచూపు దొరకదు. వేగం మీద అనిశ్చితి పెంచుకోక తప్పదు.

ఏ అంచు కొలుస్తున్నారో కూడా రాసి పెట్టుకోండి. వేగవంతమైన సీఎంఈకి బయట పల్చటి షాక్ (ముందు నడిచే ఆఘాత తరంగం) అంచు, లోపల మెరిసే అసలు శరీరం ఉంటాయి. షాక్ అంచు కొలిస్తే షాక్ రాకతో పోల్చాలి. 2012 జులైలో షాక్ 14న సుమారు 17:40 యూటీకి ఎల్1 (భూమికి ముందు, సూర్యుడి వైపు, పవనాన్ని కొలిచే నౌకలుండే బిందువు) దగ్గరికి వస్తే, లోపలి అయస్కాంత మేఘం 15 తెల్లవారుజామున 6 గంటల ప్రాంతంలో మొదలైంది. రెండింటి మధ్య పన్నెండు గంటలు! ఒకటి కొలిచి మరొకదానితో పోల్చి మోడల్‌ను తిట్టుకునేవాళ్లు తక్కువేం కాదు.

మన లెక్కకు తొలి వేగం 1300 కి.మీ./సె., 20 సౌర వ్యాసార్ధాల దగ్గరికి చేరిన సమయం 12న 19:30 యూటీ అనుకుందాం. ఆ వేగంతో సూర్యుడి ఉపరితలం నుంచి అక్కడికి సుమారు 2.8 గంటలు పడుతుంది, అంటే జ్వాల గరిష్ఠానికి చేరిన వేళకు ఇది దాదాపు సరిపోతుంది.

రెండో సంఖ్య: పవన వేగం

సీఎంఈ దారిలో ఉన్న సౌర పవనం ఎంత వేగంగా వీస్తోంది? ఈ రోజు ఎల్1 దగ్గర కొలిచిన వేగం ఈ రోజుది కాదు. 400 కి.మీ./సె. పవనం సూర్యుడి నుంచి ఇక్కడికి రావడానికి 4.3 రోజులు పడుతుంది. అయినా నెమ్మదిగా మారే కాలంలో గత ఒకటి రెండు రోజుల సగటు పనికొస్తుంది. సూర్యుడు భూమి నుంచి చూస్తే సుమారు 27 రోజులకొకసారి తిరుగుతాడు కనుక 27 రోజుల కిందటి పవన వేగాన్ని కూడా చూడండి, అదే కరోనల్ హోల్ (వేగమైన పవనం బయటికి వచ్చే ప్రాంతం) మళ్లీ ఎదురుకావచ్చు. రెండూ పొంతన లేకుండా ఉంటే ఆ తేడానే మీ అనిశ్చితిగా పెట్టుకోండి. మామూలుగా 300 నుంచి 600 మధ్య ఉంటుంది. మనం 400 తీసుకుందాం.

మూడో సంఖ్య: గామా

రాపిడి ఎంత గట్టిదో చెప్పేది గామా. దీన్ని నేరుగా కొలవలేం. సీఎంఈ అడ్డుకోత వైశాల్యం, చుట్టూ ఉన్న పవనం సాంద్రత పెరిగితే పెరుగుతుంది, సీఎంఈ ద్రవ్యరాశి పెరిగితే తగ్గుతుంది. సాధారణంగా కిలోమీటరుకు 0.1 × 10⁻⁷ నుంచి 2 × 10⁻⁷ వరకు ఉంటుంది. వాడుకలో ఉన్న మోటు సూత్రం ఇది: వేగం 600 లోపైతే 0.5 × 10⁻⁷, 600–1000 మధ్యైతే 0.2 × 10⁻⁷, 1000 దాటితే 0.1 × 10⁻⁷.

యూనిట్లు జాగ్రత్త. దూరం కిలోమీటర్లలో, సమయం సెకన్లలో, గామా కిలోమీటరుకు. మీటర్లలో ఇచ్చిన గామాను అలాగే పెట్టేస్తే రాపిడి వెయ్యి రెట్లు మారిపోతుంది. అప్పుడు కూడా కోడ్ ఏ ఫిర్యాదూ చేయకుండా నడుస్తుంది.

దూరం: ఖగోళ ప్రమాణం పెట్టేసి ఊరుకోవద్దు

భూమి సూర్యుడికి జనవరిలో 14.71 కోట్ల కి.మీ., జులైలో 15.21 కోట్ల కి.మీ. దూరంలో ఉంటుంది. 50 లక్షల కిలోమీటర్ల తేడా. 600 కి.మీ./సె. వేగంతో అది రెండు గంటల పైచిలుకు. 2012 జులై మధ్యలో దూరం 15.20 కోట్లు. ఎల్1 బిందువు భూమికి 15 లక్షల కి.మీ. ముందు ఉంటుంది కాబట్టి గమ్యం 15.05 కోట్ల కి.మీ. తొలి దూరం 20 × 6,95,700, అంటే 1.391 కోట్లు. మిగిలిన ప్రయాణం 13.66 కోట్ల కి.మీ.

లెక్క

పవన వేగం, గామా దారి పొడుగునా స్థిరం అనుకుంటే సమీకరణానికి సూటి జవాబు ఉంది:

తేడా = తొలి వేగం − పవన వేగం
హారం = 1 + గామా × |తేడా| × సమయం
వేగం = పవన వేగం + తేడా ÷ హారం
దూరం = తొలి దూరం + పవన వేగం × సమయం + గుర్తు × (1 ÷ గామా) × సహజ లాగరిథమ్(హారం)

గుర్తు అంటే తేడా ధనమైతే +1, రుణమైతే −1. హారంలో పరమ విలువ మరిచిపోతే మెల్లటి సీఎంఈలకు లాగరిథమ్ లోపల రుణ సంఖ్య పడి జవాబు ‘నాన్’ అని వస్తుంది. వేగవంతమైన వాటితోనే పరీక్షించేవాళ్లకు ఇది నెలల తరబడి బయటపడదు.

దూరం తెలుసు, సమయం కావాలి. సమయాన్ని విడదీసి రాయడం కుదరదు కాబట్టి సైపైలోని బ్రెంట్ పద్ధతితో మూలం వెతకండి. వెతికే పరిధి 1 గంట నుంచి 200 గంటలు ఇస్తే సరిపోతుంది.

కోడ్ సరిగ్గా ఉందో లేదో చూడడానికి రెండు హద్దులున్నాయి. గామా దాదాపు సున్నా చేస్తే సీఎంఈ వేగం తగ్గకుండా వస్తుంది: 13.66 కోట్లు ÷ 1300, అంటే 29.2 గంటలు. గామా బాగా పెంచితే పవనంతోపాటే కొట్టుకొస్తుంది: 13.66 కోట్లు ÷ 400, అంటే 94.9 గంటలు. మీ జవాబు ఈ రెండింటి మధ్య లేకపోతే ముందుకు వెళ్లకండి.

గామా 0.2 × 10⁻⁷ తో నడిపితే 46.6 గంటలు వస్తుంది. 12న 19:30కి కలిపితే 14న 18:06 యూటీ. చేరేటప్పటి వేగం 624 కి.మీ./సె. నిజంగా షాక్ వచ్చింది సుమారు 17:40కి. అరగంట తేడా!

దీన్ని చూసి పొంగిపోకండి. మోటు సూత్రం ప్రకారం 1300కి గామా 0.1 × 10⁻⁷ ఉండాలి. దానితో 38.6 గంటలు, అంటే ఏడున్నర గంటలు ముందే. 0.2 బాగా కుదిరిందని మనకు తెలిసింది జవాబు చూశాకే. ముందుగా సూచన ఇవ్వాల్సి వస్తే ఆ సౌకర్యం ఉండదు.

ఒక్కో సంఖ్యనూ కదిపి చూడండి

మిగతావి అలాగే ఉంచి ఒక్కటే మార్చినప్పుడు ప్రయాణ సమయం ఇలా మారుతుంది:

తొలి వేగం 1200 అయితే 48.5 గంటలు, 1400 అయితే 44.8.
లాస్కో జాబితాలోని 885 పెడితే 56.9.
పవన వేగం 350 అయితే 49.6, 500 అయితే 41.8.
గామా 0.5 × 10⁻⁷ అయితే 61.6, 1 × 10⁻⁷ అయితే 72.6.

వేగంలో 100 కి.మీ./సె. తప్పు రెండు గంటలే కదుపుతుంది. గామా మాత్రం 0.1 నుంచి 0.5కి మారితే 23 గంటలు కదులుతుంది. ఎత్తు–సమయం గ్రాఫ్‌లో బిందువులను మరింత మెరుగ్గా గుర్తించడానికి ఒక పూట వెచ్చించే బదులు, దారిలో ఏముంది, సీఎంఈ ఎంత బరువైంది అన్న విషయాల మీద వెచ్చిస్తే లాభం ఎక్కువ.

కాబట్టి ఒక్క జవాబు ఇవ్వకుండా గుంపుగా నడపాలి. తొలి వేగానికి 1300 సగటు, 100 ప్రామాణిక విచలనం. పవనానికి 400, 50. గామాను సాధారణ పంపిణీలో తీయకండి, రుణ విలువలు పడతాయి. దాని లాగరిథమ్‌ను ఏకరీతిగా, 0.1 నుంచి 0.5 × 10⁻⁷ మధ్య తీయండి. ఇలా 10,000 సార్లు నడిపినా లాప్‌టాప్‌కు కొద్ది సెకన్ల పనే. ఫలితాల్లో మధ్యస్థం, 10వ, 90వ శతాంశాలు చెప్పండి. సగటు చెప్పొద్దు. గామా పెద్దదైన కొసన తోక సాగి ఉంటుంది, సగటును ఆలస్యం వైపు లాగుతుంది.

సమయాలన్నీ యూటీలోనే ఉంచి చివర్లో ఒక్కసారే భారత కాలమానానికి 5 గంటల 30 నిమిషాలు కలపండి. 14న 18:06 యూటీ అంటే మనకు రాత్రి 11:36. మధ్యలో ఒక ఫైలు యూటీ, ఒక ఫైలు స్థానిక కాలం అయితే వచ్చే 5.5 గంటల తప్పు మోడల్ తప్పులాగే కనిపిస్తుంది, దొరకడం కష్టం.

భూమి పక్కకు ఉంటే

సీఎంఈ ముక్కు సూటిగా మన వైపు లేకపోతే భూమిని తాకేది దాని పార్శ్వం. కోన్ మీద అర్ధవృత్తం మూతగా ఉందనుకుంటే, ముక్కుకు పక్కగా ఒక కోణంలో అంచు దూరం, ముక్కు దూరంలో ఇంత భాగం ఉంటుంది:

నిష్పత్తి = [కాస్(కోణం) + వర్గమూలం(టాన్²(సగం కోణం) − సైన్²(కోణం))] ÷ [1 + టాన్(సగం కోణం)]

సగం కోణం 45 డిగ్రీలు, భూమి 30 డిగ్రీలు పక్కకు ఉంటే నిష్పత్తి 0.866. తొలి దూరాన్నీ తొలి వేగాన్నీ దీంతో గుణించి అదే లెక్క మళ్లీ చేయండి, 1300 కాస్తా 1126 అవుతుంది. కోణం సగం కోణాన్ని మించితే అసలు తాకదు. గుంపు నడుపులో దిశను కూడా 10 డిగ్రీలు అటూ ఇటూ కదిపితే తాకే సంభావ్యత దానంతటదే వస్తుంది.

దిశ తీసుకునేటప్పుడు ఏ రేఖాంశమో చూడండి. స్టోనీహర్స్ట్ రేఖాంశంలో భూమి ఎప్పుడూ సున్నా దగ్గర ఉంటుంది. కారింగ్టన్ రేఖాంశం సూర్యుడితోపాటు తిరుగుతుంది, భూమి రోజుకు దాదాపు 13 డిగ్రీలు జరుగుతుంది. రెండూ కలిసిపోతే సీఎంఈ ఎటో పోతుంది.

తాకాక ఏమవుతుంది

మొదట భూమి అయస్కాంత కవచం ఎంత నొక్కుకుపోతుందో చూద్దాం. పవన పీడనం నానోపాస్కల్స్‌లో:

పీడనం = 1.6726 × 10⁻⁶ × సాంద్రత × వేగం²

సాంద్రత ఘన సెంటీమీటరుకు ప్రోటాన్లలో. సూర్యుడి వైపు కవచం అంచు, అంటే మెగ్నెటోపాజ్, భూ వ్యాసార్ధాల్లో ఎక్కడుంటుందో షూ 1998 సూత్రం చెబుతుంది (బీజెడ్ అంటే పవనం మోసుకొచ్చే అయస్కాంత క్షేత్రంలో ఉత్తర–దక్షిణ భాగం, దక్షిణమైతే రుణం):

దూరం = {10.22 + 1.29 × టాన్‌హెచ్[0.184 × (బీజెడ్ + 8.14)]} × పీడనం^(−1/6.6)

వేగం 620, సాంద్రత 20, బీజెడ్ −10 నానోటెస్లా అనుకుంటే పీడనం 12.9, దూరం 6.65. భూస్థిర కక్ష్య 6.6 దగ్గర ఉంటుంది. అంటే సమాచార, వాతావరణ ఉపగ్రహాలు కవచం అంచున నిలబడ్డట్టే, ఇంకాస్త నొక్కితే నేరుగా సౌర పవనంలో పడతాయి. మామూలు రోజుల్లో ఈ అంచు 10 దగ్గర ఉంటుంది. సాంద్రత డ్రాగ్ మోడల్ నుంచి రాదని గమనించండి. మీరే ఊహించి పరిధి ఇవ్వాలి.

ఇక అయస్కాంత తుపాను, అంటే భూ అయస్కాంత క్షేత్రం కుంగడం, ఎంత తీవ్రమో. దీన్ని డీఎస్‌టీ సూచీతో కొలుస్తారు. తక్కువ అక్షాంశాల్లో ఉన్న నాలుగు కేంద్రాలు, హెర్మానస్, కాకియోకా, హొనొలులు, శాన్ వాన్‌ల కొలతల నుంచి క్యోటో కేంద్రం దాన్ని గంటగంటకూ తయారుచేస్తుంది. సౌర పవనం నుంచి డీఎస్‌టీ లెక్కగట్టడానికి ఓబ్రయన్–మెక్‌ఫెరన్ సమీకరణం వాడదాం. విద్యుత్ క్షేత్రం మీటరుకు మిల్లీవోల్టుల్లో ఇలా:

క్షేత్రం = వేగం × దక్షిణ బీజెడ్ × 10⁻³

బీజెడ్ ఉత్తరంగా ఉంటే క్షేత్రం సున్నా. 0.49 కన్నా ఎక్కువైతేనే శక్తి లోపలికి వస్తుంది:

ప్రవేశం = −4.4 × (క్షేత్రం − 0.49), గంటకు నానోటెస్లా
క్షయ కాలం = 2.40 × ఎక్స్‌ప్[9.74 ÷ (4.69 + క్షేత్రం)], గంటల్లో
కొత్త విలువ = పాత విలువ + ప్రవేశం − పాత విలువ ÷ క్షయ కాలం

ఇలా గంటకొక మెట్టు. చివర్లో పీడనం ప్రభావం కలపాలి: డీఎస్‌టీ = విలువ + 7.26 × వర్గమూలం(పీడనం) − 11.

వేగం 500, బీజెడ్ −15 స్థిరంగా ఉంటే క్షేత్రం 7.5, ప్రవేశం గంటకు −30.8, క్షయ కాలం 5.3 గంటలు. సున్నా నుంచి మొదలుపెడితే గంట గంటకూ −31, −56, −76, −93. అలాగే కొనసాగితే −165 దగ్గర ఆగుతుంది. బీజెడ్ −12 అయితే −145 దగ్గర. 2012 జులై 15న నమోదైన కనిష్ఠం −139. ఆ మేఘంలో బీజెడ్ ఒక రోజుకు పైగా దక్షిణంగానే ఉండిపోయింది, అందుకే ఓ మోస్తరు క్షేత్రంతోనే అంత లోతుకు పోయింది.

ఇక్కడ మోడల్ చేయలేని పనేంటో తెలుసుకోవాలి. రాక సమయం చెప్పినంత మాత్రాన తుపాను వస్తుందని కాదు. అదే వేగంతో వచ్చిన సీఎంఈలో బీజెడ్ ఉత్తరంగా ఉంటే డీఎస్‌టీ పెద్దగా కదలదు. డ్రాగ్ మోడల్‌కు అయస్కాంత క్షేత్రమే తెలియదు. కోన్ సీఎంఈతో నడిపే ఎన్‌లిల్‌లోనూ సీఎంఈ లోపలి క్షేత్రం ఉండదు. బీజెడ్ నమ్మకంగా తెలిసేది ఎల్1 దగ్గర కొలిచాకే. అక్కడి నుంచి భూమికి 600 కి.మీ./సె. వేగంతో 42 నిమిషాలు. ముందే డీఎస్‌టీ చెప్పాల్సి వస్తే బీజెడ్ −5, −10, −20 అని మూడు దృశ్యాలు నడిపి, ఏది ఊహో స్పష్టంగా రాయండి.

కొలతలతో సరిచూడడం

ఎల్1 కొలతలన్నీ ఒకే వరుసలో కావాలంటే ఓమ్ని డేటా సులువు, కానీ మూడు చోట్ల కాలు జారుతుంది. ఒకటి, నిమిషాల ఓమ్ని డేటా ఎల్1 సమయంలో ఉండదు. భూమి ముందున్న బౌ షాక్ (పవనం భూ అయస్కాంత కవచాన్ని ఢీకొనే చోటి అల) దగ్గరికి సమయం జరిపి ఇస్తారు. మీ మోడల్ ఎల్1కి లెక్కగట్టి దీంతో పోలిస్తే ముప్పావుగంట తేడా ఊరికే వస్తుంది. రెండు, లేని విలువల స్థానంలో 999.9, 9999 వంటి సంఖ్యలు ఉంటాయి. వాటిని తీసేయకుండా సగటు తీస్తే పవనం వేగం వేలల్లో కనిపిస్తుంది. మూడు, బీజెడ్ జీఎస్ఈ, జీఎస్ఎం అని రెండు అక్షాల్లో ఉంటుంది. తుపాను లెక్కకు భూమి అయస్కాంత అక్షాన్ని అనుసరించే జీఎస్ఎం కావాలి. జీఎస్ఈ వాడితే కొన్ని గంటల్లో గుర్తే తారుమారు కావచ్చు.

ఇటీవలి సంఘటనలకు ఆదిత్య-ఎల్1 కూడా ఉంది. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి బయల్దేరి 2024 జనవరి 6న ఎల్1 చుట్టూ కక్ష్యలోకి చేరింది. దానిలోని మ్యాగ్నెటోమీటర్, ఆస్పెక్స్ పరికరాల డేటా ఇస్రో ప్రదాన్ పోర్టల్‌లో దొరుకుతుంది. అందులోని వీఈఎల్‌సీ కరోనాగ్రాఫ్ 3 సౌర వ్యాసార్ధాల లోపలే చూస్తుంది. సీఎంఈ పుట్టుక చూడడానికి బాగుంటుంది, మనకు కావలసిన 20 దగ్గరి వేగం మాత్రం ఇవ్వదు.

నేల మీద చూడాలనుకుంటే హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ అయస్కాంత కేంద్రం డేటా ఇంటర్‌మాగ్నెట్‌లో ఉంది. అందులో హెచ్ (క్షితిజ సమాంతర) భాగం తుపాను వేళ కుంగడం కంటికే కనిపిస్తుంది. కాకపోతే పగటిపూట అయనోస్ఫియర్ ప్రవాహాల వల్ల తుపాను లేని రోజు కూడా పదుల నానోటెస్లాలు పెరిగి తగ్గుతుంది. ఆ నెలలోని అయిదు ప్రశాంత దినాల సగటు వక్రాన్ని నిమిషం నిమిషానికీ తీసేశాకే డీఎస్‌టీ పక్కన పెట్టండి. లేకపోతే మధ్యాహ్నం హెచ్ పైకి లేవడాన్ని చూసి తుపాను తగ్గిపోయిందనుకుంటారు.

ఈ మోడల్ ఎక్కడ కూలుతుంది

అదే ఏఆర్ 11520 పదకొండు రోజుల తర్వాత, జులై 23న, సూర్యుడి అవతలి వైపుకు తిరిగాక మళ్లీ పేలింది. ఆ సీఎంఈ స్టీరియో-ఏను దాదాపు 19 గంటల్లో తాకింది, క్షేత్రం 109 నానోటెస్లాకు చేరింది. జులై 19న అదే దారిలో పోయిన మరో సీఎంఈ ముందున్న పవనాన్ని ఊడ్చేసి పోయింది, సాంద్రత పడిపోయింది, రాపిడి దాదాపు లేకుండా పోయింది. మోటు సూత్రపు గామాతో దీన్ని అందుకోలేరు. కనుక కొత్త సీఎంఈ లెక్క మొదలుపెట్టే ముందు, గత నాలుగు రోజుల్లో అదే దిశలో ఇంకేమైనా పోయాయా అని డాంకీలో చూడటం తప్పనిసరి. పోయి ఉంటే గామా కింది హద్దును 0.02 × 10⁻⁷ దాకా దించి, పవన వేగాన్ని పెంచి, వేరే గుంపుగా నడపండి.

2024 మే తుపాను ఇంకో రకం. ఏఆర్ 13664 నుంచి వరుసగా వచ్చిన సీఎంఈలు దారిలోనే ఒకదాన్నొకటి అందుకుని కలిసిపోయాయి, డీఎస్‌టీ −400 దాటింది. వెనకది ముందుదాన్ని గుద్దితే ఏమవుతుందో డ్రాగ్ మోడల్‌కు తెలియదు. విడివిడిగా నడిపి రెండింటి దూరం వక్రాలు ఒకే గ్రాఫ్‌లో గీయండి. అవి ఎల్1 లోపలే కలుసుకుంటే మీ అంకెలను పక్కనపెట్టాల్సిన సమయం అదే.

అలాంటప్పుడు తర్వాతి మెట్టు హక్స్‌టీ. బ్రిటన్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయం వాళ్ల పైథాన్ మోడల్, ఉచితం. సౌర పవన వేగం రేఖాంశాన్ని బట్టి మారడాన్ని, వరుస సీఎంఈలు ఒకదాని దారిని ఒకటి మార్చడాన్ని అది లెక్కలోకి తీసుకుంటుంది. అయినా ఒక నడుపు లాప్‌టాప్‌లో సెకన్లలో అయిపోతుంది. అది 30 సౌర వ్యాసార్ధాల నుంచి మొదలవుతుంది కాబట్టి మన 20 నాటి సమయాన్ని అలాగే ఇవ్వకండి, 10 వ్యాసార్ధాల ప్రయాణాన్ని కలపండి. 1300 దగ్గర అది గంటన్నర. పూర్తి ఎన్‌లిల్ కావాలంటే సీసీఎంసీ ‘రన్స్ ఆన్ రిక్వెస్ట్’లో అభ్యర్థన పెట్టుకోవచ్చు. అక్కడ సీఎంఈ సమయాన్ని 21.5 సౌర వ్యాసార్ధాల దగ్గర అడుగుతారు, అక్షాంశ రేఖాంశాలతోపాటు వాడేది పూర్తి కోణమా సగం కోణమా అన్నది ఫారంలో రెండుసార్లు చదువుకుని నింపండి. 45కి బదులు 90 పడితే భూమిని తాకని సీఎంఈ కూడా తాకినట్టే వస్తుంది.